నెట్ జీరో హాలు పక్కన మా కిటికీ

మా అక్క చివరి సంవత్సరం డీజిల్ వాసనలో గడిచింది. ఈ వాక్యం రాసి రెండోసారి చదువుకున్నాను. అందులో ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆమె డీజిల్ వల్ల చనిపోయిందని నేను అనను. డాక్టర్లు అట్లా అనలేదు. ఆమె ఊపిరితిత్తులు అంతకు ముందే చెడిపోయాయి. అయితే ఆ పొగ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పర్యావరణాన్ని కాపాడటం కోసం సర్కారు సొమ్ముతో కట్టిన ఒక భవనం వల్ల వచ్చింది.

మేం ఉండేది దబీర్‌పురా స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో, ఒక ఇరుకు గల్లీలో. రెండు గదుల కిరాయి ఇల్లు. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైంది. పెండ్లి చేసుకోలేదు. నేనూ చేసుకోలేదు. నేను ఉస్మాన్‌గంజ్ దగ్గరి ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. నా జీవితమంతా ఇతరుల వాక్యాల్లో తప్పులు వెతకడంలోనే గడిచింది కాబట్టి, "హరిత భవిష్యత్తుకు తొలి అడుగు" వంటి మాట గోడ మీద కనపడితే నా చేయి దానంతటదే ఎర్ర పెన్ను కోసం జేబులోకి పోతుంది.

ఆ మాట మా కిటికీకి ఎదురుగానే ఉంది. పచ్చ అక్షరాలతో, హాలు ప్రహరీ గోడ మీద.

అక్కడ ఒకప్పుడు రేకుల షెడ్డు ఉండేది. బస్తీలో పెండ్లయినా, పురుడైనా, దినమైనా అందులోనే. వానొస్తే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. దాన్ని కూల్చి సామూహిక భవనం కట్టడానికి సర్కారు పైసలు ఇస్తుందన్నారు. షరతు ఒకటే. అది నెట్ జీరో భవనం కావాలి. అంటే ఏడాది మొత్తం మీద ఎంత కరెంటు వాడుతుందో అంత కరెంటు తన కప్పు మీది సోలార్ పలకలతో తానే తయారుచేసుకోవాలి.

బస్తీలో ఈ సంగతి అందరికంటే ముందు అర్థం చేసుకున్నది అక్క. ఆమెకు అది నచ్చింది కూడా. "తినేటంత తానే సంపాయించుకునే ఇల్లన్నట్టు. మన లెక్కనే," అంది. అప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. అయినా ఆడవాళ్లను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు కూర్చోవడానికి గాలాడే చోటు ఒకటి కావాలన్నది ఆమె కోరిక. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు.

నాకూ ఆ ఆలోచనతో పేచీ లేదు. దాని గురించి కొంత చదివాను. మందపు గోడలు, ఎత్తు కప్పులు, గాలి దారులు, ఎండ ఎటునుంచి వస్తుందో చూసి పెట్టే కిటికీలు. మా గల్లీ చివర డంగుసున్నం గోడల ఇల్లొకటి ఉండేది. ఎండాకాలం అందులోకి పోతే ఒళ్లు చల్లబడేది. దాన్ని కట్టినవాళ్లు ఎవరినీ సర్టిఫికెట్ అడగలేదు. దాన్ని పడగొట్టి సిమెంటు డబ్బాలు లేపిందీ మా బస్తీవాళ్లే, సర్కారు కాదు. కాబట్టి పాతదంతా గొప్పదని నేను పాట పాడను.

కట్టడం పూర్తయింది. హాలుకు పడమటి వైపు నిలువెత్తు అద్దం పెట్టారు. హైదరాబాదులో, పడమటి వైపు, అద్దం. ఫోటోలో బాగుంటుందట. ఎండాకాలం సాయంత్రం ఆ హాలు ఎట్లా ఉంటుందో ప్లాను గీసినాయనకు తెలియకపోయి ఉండదు. ఆయన సాయంత్రాలు అక్కడ గడపడు, అంతే.

అసలు సంగతి తర్వాత మొదలైంది. సర్కారు కట్టడానికి పైసలిచ్చింది గానీ చివరి వాయిదా ఆపిపెట్టింది. భవనం తెరిచాక ఒక ఏడాది మీటరు చూస్తారు. కప్పు మీద తయారైంది ఎక్కువ, లోపల వాడింది తక్కువ ఉంటే ఆ వాయిదా వస్తుంది. మిగులు ఎంత ఎక్కువుంటే అంత పెద్ద గ్రేడు. పెద్ద గ్రేడు వచ్చిన బస్తీకి పై అంతస్తు కట్టుకోవడానికి మళ్లీ నిధులు. కాగితం మీద ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. భవనం ఎంత బాగా కట్టారో మీటరే చెబుతుందని వాళ్ల నమ్మకం.

మా బస్తీ సంఘం అధ్యక్షుడు ఆ కాగితం చదివి ఇంకొక సంగతి కనిపెట్టాడు. ఆయన సర్కారు దవాఖానలో స్టోర్‌కీపర్. మందులు బయటికి పోకుండా చూసుకుంటే స్టాకు ఎప్పుడూ సరిగ్గా ఉంటుందని ఉద్యోగంలో నేర్చుకున్న మనిషి. హాలును కూడా అట్లాగే చూశాడు. ఎవరూ వాడకపోతే మిగులంతా మిగులే. కాబట్టి హాలుకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు.

పెండ్లిళ్లు ఆగవు కదా. బస్తీలో లొల్లి అయింది. అప్పుడు సంఘం కూర్చొని తీర్మానం చేసింది. హాలు ఇస్తారు. కానీ హాలు కరెంటు ముట్టుకోవద్దు. లైట్లు, ఫ్యాన్లు, కూలర్లు, మైకు ఎవరికి కావాలంటే వాళ్లు డీజిల్ జనరేటర్ తెచ్చుకోవాలి. జనరేటర్ ప్రహరీ లోపల ఉండొద్దు. లోపల ఉంటే చూడటానికి వచ్చిన ఆఫీసర్లకు కనపడుతుంది.

బయట ఉన్నది మా గల్లీ. గల్లీలో జనరేటర్ బండి పట్టే జాగ ఒక్కటే ఉంది. అది అక్క గది కిటికీ కింద.

నేను చెప్పేది జోకు కాదు. కప్పు మీద సోలార్ పలకలు ఎండలో మెరుస్తుంటే, వాటి కింద చీకటి హాలులోకి కిటికీల గుండా డీజిల్ కరెంటు వైర్లు లాక్కునేవాళ్లు. ఏడాది పొడుగునా అట్లాగే చేశారు. ఒక్కరికీ సిగ్గనిపించలేదు.

మొదటిసారి జనరేటర్ వచ్చిన రోజు అక్క కిటికీలోంచి తల బయటపెట్టి దాన్ని తెచ్చినాయనను పిలిచింది.

"ఏం భాయ్, ఏందిది? ఈడ మనుషులుంటరు."

"ఆపా, నా మీద గుస్సా అయితె ఏం ఫాయిదా? లోపల పెడ్తనంటె ప్రెసిడెంట్ సాబ్ ఒప్పుకోడు. ఎనుక జాగ లేదు. మీ కిటికీ కింద తప్ప ఇంకేడ పెట్టాలె, మీరే బోలో."

"నా నెత్తి మీద పెట్టు. ఆడ మస్తు జాగుంది."

అతడు నవ్వాడు. నవ్వి, పొగ గొట్టాన్ని పక్కింటి వైపు తిప్పాడు. పక్కింటావిడ చీపురు పట్టుకొని వచ్చింది. గొట్టం మళ్లీ మా వైపు తిరిగింది. అక్క కిటికీ మూసేసి లోపల కూర్చుంది. సాయంత్రానికి ఆమెకు నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. ఆ మిషను గుర్రుమనే చప్పుడు, బయట జనరేటర్ చప్పుడు కలిసి, ఆమె చెప్పేది నాకు వినపడలేదు. ఫోనులో ఎంత గోల ఉన్నా అవతలివాళ్లకు తన మాట స్పష్టంగా వినిపించిన మనిషి ఆమె.

మరునాడు అధ్యక్షుడే ఇంటికొచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. గుమ్మంలో నిలబడి మాట్లాడాడు.

"అక్కా, నీ బాధ నాకు తెల్వదా? ఒక్క సాలు, ఒక్క ఏడాది ఓపిక పట్టు. ఒక్క సాలైతే మన బస్తీకి గ్రేడ్ వస్తది. మీద ఇంకో ఫ్లోర్ లేస్తది."

"సాలు నీ తాన ఉంది తమ్మీ. నా తాన ఉందో లేదో డాక్టర్ని అడగాలె."

"గట్ల మాట్లాడకు. ఈ హాలు కోసం తిరిగింది నువ్వే గదా. సంతకాలు పెట్టిచ్చింది నువ్వే గదా."

"నేను సంతకాలు పెట్టిచ్చింది హాలుకు. తాళానికి పెట్టియ్యలే. నీ హాలు ఏడాదంతా ఊపిరి బిగవట్టుకొని కూసుంటదట. అది ఇడిశే ఊపిరి తీస్కోనీకి నా ముక్కే దొరికిందా?"

అతడు నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. అతడు పైసా తినలేదు. ఆ సంగతి బస్తీలో అందరికీ తెలుసు. దొంగైతే నాకు అర్థమయ్యేవాడు. తను మంచిపని చేస్తున్నానని నమ్మిన మనిషి ఎదుట నిలబడితే ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగి పోతూ నాతో, "అన్నా, అక్కకు జర నువ్వు సమ్‌జాయించు," అన్నాడు.

నేను అక్కకు ఏమీ చెప్పలేదు. ప్రెస్సుకు సెలవు పెట్టి, ఈ నిధులిచ్చే ఆఫీసుకు పోయాను.

ఆ ఆఫీసులో ఏసీ ఎంత పెట్టారంటే గుమాస్తా స్వెట్టర్ వేసుకొని కూర్చున్నాడు. గోడకు ఒక భూగోళం బొమ్మ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. నన్ను ఒక ఇంజనీర్ దగ్గరికి పంపారు. చిన్న వయసు. మర్యాదగా కూర్చోబెట్టాడు. నేను చెప్పిందంతా విన్నాడు. హాలు వివరాలు తన కంప్యూటర్లో తెరిచి నా వైపు తిప్పాడు.

"చూడండి సార్, మీ హాల్ పర్ఫార్మెన్స్ ఎక్సలెంట్ ఉంది. సిటీలో ఇదే టాప్."

"దాన్ని ఎవరూ వాడటం లేదు. అందుకని."

"వాడటం, వాడకపోవటం కమ్యూనిటీ ఇష్టం సార్. దాంట్లో మేం ఇంటర్‌ఫియర్ కాలేం."

"హాలు కోసం డీజిల్ జనరేటర్ నడుస్తోంది. అది మీ లెక్కలోకి రాదా?"

"అది కాంపౌండ్ లోపలుందా, బయటుందా సార్?"

"బయట."

"బౌండరీ లోపలిది మాత్రమే కౌంట్ అవుతది సార్."

"బౌండరీ బయట మా అక్క ఉంటది," అన్నాను.

ఆ కుర్రవాడు కంప్యూటర్‌ను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత, అర్జీ రాసిస్తే పై వాళ్లకు పంపుతానన్నాడు. రాసిచ్చాను. ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఇస్తారని నేను అనుకోనూ లేదు. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడితే ఒక్కటే అనిపించింది. వీళ్లు ప్రపంచం మధ్యలో ఒక గోడ కట్టి, గోడకు ఈ వైపు శుభ్రం చేసి, ఆ వైపుకు ఊడ్చేశారు. ఊడ్చిన చెత్తకు పేరు పెట్టలేదు కాబట్టి అది లేదు. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా, ఒక భవనం మంచిదని రుజువు కావాలంటే దాన్ని మూసిపెట్టాలని రాయలేదు. ఆ తెలివి మా వాళ్ల సొంతం. పైసలిచ్చినవాళ్లు ఆ తెలివికి గ్రేడు ఇస్తున్నారు.

ఆ చలికాలంలో ఆఫీసర్లు ఒకసారి హాలు చూడటానికి వచ్చారు. ఆ రోజు సంఘం వాళ్లు గల్లీ ఊడ్పించారు. ముందురోజే ఏదో ఫంక్షను ఉన్నా దాన్ని వాయిదా వేయించారు. జనరేటర్ జాడ లేదు. ఆఫీసర్లు హాలులో తిరిగారు, అద్దం ముందు ఫోటోలు దిగారు, కప్పెక్కి పలకలు చూశారు. అక్క కిటికీ తెరుచుకొని ఆ తతంగమంతా చూసింది. శాలువా కప్పుకొని టీ తాగింది.

"ఈ సార్లు రోజొచ్చినా బాగుండు," అంది.

"పోయి చెప్తా, రోజు రమ్మని."

"చెప్పు. టీ నేను పోస్త."

అది మేము కలిసి నవ్వుకున్న చివరి సందర్భం కావచ్చు. ఖచ్చితంగా చెప్పలేను. నవ్వినప్పుడు ఎవరూ గుర్తు పెట్టుకోరు.

శివరాత్రి తర్వాత పెండ్లిళ్లు మొదలయ్యాయి. వరసబెట్టి జనరేటర్ వచ్చింది. నేను అక్కను కిషన్‌బాగ్‌లో మా పినతల్లి కూతురి ఇంటికి తీసుకుపోతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నా ఇల్లు ఇడిశిపెట్టి నేనెందుకు పోవాలె? గా జనరేటర్ డబ్బానే పోనియ్యి," అంది. తడి తువ్వాలు కిటికీ సందులో కుక్కాను. అద్దెకు ఉన్న ఇంటి కిటికీ, చెక్క వంకర పోయింది, సరిగా పడదు. పొగ వచ్చేది. ఒక రోజు పొద్దున ఆమె మంచం మీద కూర్చొని మాట కోసం ప్రయత్నించింది, రాలేదు. దవాఖానకు తీసుకుపోయాను. వారం లోపే పోయింది.

దవాఖాన గురించి రాయను. అక్కడివాళ్లు తమ పని చేశారు.

పదో దినానికి రెండు రోజుల ముందు అధ్యక్షుడు వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి కింద చాప మీద కూర్చున్నాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. అబద్ధపు ఏడుపు కాదు.

"అన్నా, అక్క ఒక్క నీ అక్కనే కాదు. దినం హాల్లనే చేద్దాం. కిరాయి గిరాయి ఏం లేదు."

"సరే," అన్నాను. అక్క ఆ హాలు కోసం తిరిగింది. ఒక్కసారైనా అందులో ఆమె పేరు మీద నలుగురు కూర్చుంటే మంచిదనుకున్నాను.

"జనరేటర్ గూడ సంఘం తరఫునే. నువ్వు ఫికర్ చెయ్యకు. డీజిల్ గిట్ల మేమే పోస్తం."

నేను అతని ముఖం చూశాను. తను ఏమంటున్నాడో అతనికి నిజంగా తట్టలేదు. అక్క కిటికీకి మూరెడు దూరంలో కూర్చొని ఆ మాటన్నాడు.

"జనరేటర్ వద్దు," అన్నాను. "హాల్ల ఫ్యాన్లున్నయి గదా."

"ఉన్నయి గానీ... అన్నా, ఇంకొక నెలనే ఉంది. ఇన్నొద్దులు ఆగినం."

"ఆగింది మీరు కాదు."

అతడు తల వంచుకున్నాడు. ఫ్యాన్లు వేస్తానని మాత్రం అనలేదు. కాసేపటికి లేచి, "నువ్వు దుఃఖంల ఉన్నవ్, మల్ల మాట్లాడుదం," అని వెళ్లిపోయాడు. నేను మళ్లీ మాట్లాడలేదు. గల్లీలోనే టెంటు వేయమని టెంట్‌హౌస్ మనిషికి చెప్పాను.

దినం నాటి పొద్దున కర్మ ముగిసింది. వంటలు పక్కింటి వాకిట్లో అయ్యాయి. అన్నం, పప్పు, వంకాయ కూర, గారెలు. గల్లీలో చాపలు పరిచాం. ఆ రోజు ఎండ మామూలుగా లేదు. టెంటు గుడ్డ కింద వేడి నిలబడిపోయింది. జనం విస్తళ్ల ముందు కూర్చొని కొంగులతో, తువ్వాళ్లతో విసురుకున్నారు.  హాలుకు తాళం వేసి ఉంది. అద్దంలో మా టెంటు, మా చాపలు, చెమటలు కారుతున్న మేమందరం కనపడుతున్నాం.

అధ్యక్షుడు వాళ్ల అమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. ముసలామె. మోకాళ్లు పట్టేశాయి, ఒళ్లు బరువు. కొడుకు భుజం పట్టుకొని అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చి కుర్చీలో కూలబడింది. ముఖమంతా తడిసిపోయింది. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటోంది.

"గాలి ఆడుతలేదురా," అంది కొడుకుతో.

"ఇంటికి తోల్కపోతనే. జర సల్లవడ్డంక మల్ల వద్దువు."

"అన్నం తినకుంట ఎట్ల పోత? మీ నాయిన దుబాయ్‌ల ఉన్నప్పుడు లైను దొరక్కుంటె ఎక్స్ఛేంజిల గామెనే కలిపిచ్చేది. నువ్వు కడుపుల ఉన్న ముచ్చట గామె కలిపిన ఫోన్లనే చెప్పిన." ఊపిరి కోసం ఆగింది. హాలు వైపు చూసింది. "హాలు గింత పెద్దగుంది. తాళంచెవి నీ జేబులనే ఉండె గదరా. తియ్యి."

"అమ్మా, అది..."

"ఏంది? నేను సస్తె తీస్తవా?"

పంక్తిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతడు నా వైపు చూశాడు. నేను పప్పు గిన్నె పట్టుకొని నిలబడి ఉన్నాను.  నేను అడగాల్సింది అంతా అడిగాను. ఇంట్లో అడిగాను, ఆఫీసులో అడిగాను. అక్కా అడిగింది.

అతడు జేబులోంచి తాళంచెవి తీశాడు. హాలు తెరిచాడు. తల్లిని లోపలికి నడిపించి, స్విచ్చు వేశాడు. ఫ్యాను రెక్కల మీద షాపువాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అట్లాగే ఉంది. తిరగడం మొదలవగానే అది పటపటా కొట్టుకుంది.

బయటికొచ్చి నాతో, "ఒక్క ఫ్యానే అన్నా," అన్నాడు.

ఒక్క ఫ్యాను. ఏడాదిగా వాళ్లు కాపాడిందీ, నా అక్క కోసం వేయలేనిదీ అదే. తల్లి కోసం ఒక్క క్షణంలో వేశాడు. వేయకూడదని నేను అనను. నాకు తల్లి ఉన్నా అదే చేసేవాణ్ని. కానీ అది వేయొచ్చని అతనికి ఏడాది పొడుగునా తెలుసు. సాధ్యం కాదని మాతో చెప్పినప్పుడల్లా తెలుసు.

తలుపు తెరిచి ఉండటం చూసి ముసలివాళ్లు ఒక్కొక్కరే విస్తళ్లు పట్టుకొని లోపలికి పోయారు. వాళ్ల వెనక చంటిపిల్లల తల్లులు. ఎవరో ఇంకో స్విచ్చు వేశారు. ఇంకెవరో ఇంకోటి. వేయొద్దని ఎవరూ అనలేదు.

వడ్డించాల్సిన వాణ్ని నేనే కాబట్టి గిన్నె తీసుకొని లోపలికి పోయాను. ముసలామె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఊపిరి నెమ్మదించింది.

"నువ్వు గూడ జర కూసో బిడ్డా. మంచిగ గాలొస్తుంది."

"కూసుంట పెద్దమ్మా. అందరికి పెట్టినంక."

అధ్యక్షుడు తలుపు పక్కన, మీటరు డబ్బా దగ్గర నిలబడ్డాడు. డబ్బా అద్దంలోంచి అంకెలు చూస్తున్నాడు. బయట నడినెత్తిన ఎండ ఉంది. కప్పు మీది పలకలు ఆ ఫ్యాన్లన్నీ తిప్పి ఇంకా మిగిల్చి ఉంటాయి. ఆ సంగతి అతనికి తెలుసో లేదో నేను అడగలేదు. చెప్పాలనీ అనిపించలేదు. అతని ఎదుట నిలబడి, "నీకు పెట్టాల్నా?" అన్నాను.

అతడు ఉలిక్కిపడి తిరిగాడు. "ఆఁ. కొంచెం," అన్నాడు.

అక్క దినానికి వచ్చిన మనిషి. విస్తరి ఇచ్చి అన్నం పెట్టాను. నిలబడే తిన్నాడు, సగం ఒళ్లు మీటరు వైపు తిప్పుకొని. ఒకసారి పప్పు అడిగాడు. పోశాను.